లింగమూర్తి మెడలో మూత

కొందరు విత్తనాలు దాచుకుంటారు, కొందరు వెండి దాచుకుంటారు. అవుసుల లింగమూర్తి పగలు దాచుకునేవాడు. చిన్నప్పుడు తల గొరుగుతూ చెవి కోసిన మంగలి దగ్గర మళ్లీ జన్మలో కూర్చోలేదు. తన పెళ్లికి కూడా పక్క ఊరి నుంచి ఇంకొకరిని పిలిపించుకున్నాడు. ఒక పెళ్లి బంతిలో తనకు భక్ష్యం వడ్డించడం మరిచిపోయిన మేనమామ ఇంట్లో ఆ తర్వాత పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆ మేనమామ పోయినప్పుడు వెళ్లి బాగానే ఏడ్చాడు గానీ, ఏడ్చాక ఇచ్చిన చాయ మాత్రం తాగలేదు. ఇట్లాంటి మనిషిని పట్టుకుని నలుగురి ముందు దొంగ అన్నవాడి తెలివిని ఏమనాలి? ఆ తెలివి దేవదాస్ మేస్త్రిది.

అవుసుల వాళ్లంటే బంగారం, వెండి పని చేసేవాళ్లు. లింగమూర్తి తండ్రి కరీంనగర్‌లో సన్నటి వెండి తీగ అల్లి అత్తరు బుడ్లు, పాన్‌దాన్లు చేసేవాడు. నిజాం రాజ్యం పోయాక వాటిని కొనే నవాబుల దేవిడీలు బోసిపోయాయి, తీగ లాగే చేతులకు పని కరువైంది. అప్పుడే పెళ్లయిన లింగమూర్తి భార్య శంకరవ్వను వెంటబెట్టుకుని జమ్మికుంటలో రైలెక్కి కాగజ్‌నగర్‌లో దిగాడు. అక్కడ పంపులు, వాల్వులు తయారుచేసి కాగితం మిల్లులకు అమ్మే సేటు ఒకాయన ఉండేవాడు. సేటు అడిగిన మొదటి మాట, తేజాబంటే భయమా అని. తేజాబంటే యాసిడ్, షోరా తేజాబంటే నైట్రిక్ యాసిడ్. బంగారంలోంచి వెండిని విడదీసే షోరా తేజాబు పొగ పీల్చి పెరిగినవాడికి భయమేమిటి? ఆ పూటే పనిలోకి దిగాడు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. కాగితాన్ని తెల్లబరిచే మందునీళ్లు మామూలు ఇనుమును నెల తిరగకుండా తినేస్తాయి. అందుకని ఆ పంపులకు తుప్పు పట్టని స్టీలు వాడతారు. తుప్పు పట్టని స్టీలు అన్నది పేరుకే. లేతు మీద చెక్కేటప్పుడు, సానబట్టేటప్పుడు కంటికి కనపడని ఇనుప నలుసులు దాని ఒంటికి అంటుకుంటాయి. ఆ నలుసులు ముందు తుప్పు పడతాయి, తర్వాత కింది స్టీలును కూడా చెరుపుతాయి. సామాన్లను సోడా వేసిన వేడినీళ్లలో జిడ్డు పోగొట్టి, కడిగి, నీళ్లు కలిపిన షోరా తేజాబు ఉన్న పింగాణి తొట్టిలో అన్నం ఉడికేంత సేపు ముంచాలి. తేజాబు నలుసులను తినేస్తుంది, స్టీలును ముట్టదు. పైకి తీసి మంచినీళ్లతో కడిగి ఆరబెడితే స్టీలు మీద పల్చటి పొర కడుతుంది. ఆ పొరే దానికి రక్ష. ఇక ఆ సామాన్ల మీద ఇనుము సోకకూడదు. ఇదంతా తొట్టి పెట్టడానికి బొంబాయి నుంచి వచ్చిన ఇంజనీరు చెప్పి వెళ్లాడు. లింగమూర్తి ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు. ముంచిన సామాన్లను తెల్లటి నూలు గుడ్డ కింద కప్పి ఉంచేవాడు, కొత్త పెళ్లికూతురిని దాచినట్టు.

ఇంట్లో శంకరవ్వది ఎడమచేతి వాటం. ఆమె ఎడమచేత్తో ముగ్గు వేస్తే అత్త మొహం తిప్పుకునేది. ఎడమచేత్తో కూర వడ్డించబోయి నాలుక కరుచుకుని గరిటె చెయ్యి మార్చుకునేది. కాగజ్‌నగర్ వచ్చాక అత్త పోరు తప్పింది గానీ లోకం పోరు తప్పలేదు. ఏ పూజకు పోయినా పసుపు కుంకుమల దగ్గరికి ఆమెను రానివ్వరు, ఎడమచేత్తో ముట్టిస్తుందని. పోయి బోళ్లు తోము అంటారు. ఆమె అట్లాగే పోయి తోమేది. తోమడంలో మాత్రం ఆ వాడలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె తోమిన ఇత్తడి బిందెలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. ఎడమచెయ్యి తప్ప నా పెళ్లానికి ఇంకో ఒంక చెప్పండి చూద్దాం అని లింగమూర్తి అనేవాడు. పగలు దాచుకునేవాడు ప్రేమను కూడా దాచుకుంటాడేమో, ఆ మాట ఆమె ముందు ఎన్నడూ అనలేదు.

ఆ ఏడు దసరాకు ముందు తండ్రికి జ్వరమని కబురొస్తే లింగమూర్తి ఒక్కడే కరీంనగర్ వెళ్లాడు. వెళ్లేముందు పెద్ద పని ఒకటి ముగించి పోయాడు. కొత్త పంపుల మూతలు, పళ్లెమంత వెడల్పువి, పట్టుకోవడానికి ఒక పక్క చెవి ఉన్నవి, అన్నీ తేజాబు పట్టించి, కడిగి, గుడ్డ కప్పాడు. పండుగ వెళ్లాక తిరిగొచ్చేసరికి ఆ మూతల నిండా తుప్పు. మచ్చలు కావు, ఎర్రటి గీతలు.

ఆ కార్ఖానాకు పెద్ద మేస్త్రి దేవదాస్ లేతు దగ్గర ఎంత నేర్పరో నోటి దగ్గర అంత తొందరపాటు మనిషి. సరుకు చెడిందని సేటు తన మీద అరిచాడు కాబట్టి తను ఎవరో ఒకరి మీద అరవాలి. లింగమూర్తి తొట్టిలో తేజాబును ఊళ్లోని కంసాలులకు అమ్ముకుని నీళ్లు పోసి ఉంటాడని అన్నాడు. ఎవరైనా చూశారా అని అడిగినవాడు లేడు.

“అవ్వ పుస్తెలల్లైనా ఇంత గీకకుంటే అవుసులోనికి నిద్ర పట్టదు” అన్నాడు దేవదాస్. “గిది తేజాబు. గిది ఇడుస్తడా?”

అని ఊరుకోలేదు. తుప్పు పట్టిన మూత ఒకటి తీసి, దాని చెవిలోంచి తీగ దూర్చి, లింగమూర్తి మెడకు వేలాడదీశాడు. అట్లాగే బజారు చౌరస్తా దాకా నడిపించమన్నాడు. నడిపించారు. మూత బరువుకు తీగ మెడ వెనక కోసుకుపోయింది. సద్ది గిన్నె పట్టుకుని అప్పుడే వచ్చిన శంకరవ్వ గేటు పక్కన నిలబడి అంతా చూసింది. అంతమందిలో లింగమూర్తికి కనపడింది ఆమె ఒక్కతే. అది మాత్రం ఏ జన్మకూ మరిచేది కాదు.

చౌరస్తాలో మూత తీసి విసిరేస్తాడని అందరూ అనుకున్నారు. అతను విసరలేదు. ఇంటికి తెచ్చి, నూనె రాసి, గుడ్డలో చుట్టి, తండ్రి ఇచ్చిన పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టాడు. ఆ వారమే శంకరవ్వతో కలిసి బల్లార్షా వెళ్లిపోయాడు. వాళ్లు పోయాక కూడా ఆ వాడలో అతని పేరు తేజాబు దొంగగానే నిలిచింది. పేరు పెట్టడం సుళువు, తీసెయ్యడానికే తేజాబు దొరకదు.

బల్లార్షాలో ఇంకో కార్ఖానా, ఇంకో తొట్టి. మొదటి రెండేళ్లు లింగమూర్తి తన మీద తనే అనుమానపడ్డాడు. తేజాబు పలచనైందేమో, ముంచడం తక్కువైందేమో అని నెమరేసుకుంటూ ఉండేవాడు. ఒకనాడు అక్కడి కొత్త కూలీ ఒకడు ముంచి ఆరబెట్టిన గొట్టాన్ని ఇనుప బ్రష్షుతో రుద్ది మెరిపించాడు. వారం తిరక్కుండా దాని మీద ఎర్రటి గీతలు లేచాయి. అక్కడి పెద్ద మేస్త్రి కూలీని తిట్టి, మైలుతుత్తం కలిపిన నీలం నీళ్లు తెచ్చి, వాడు రుద్దిన ఇంకో గొట్టం మీద పూశాడు. ఇనుము సోకిన చోటల్లా రాగి రంగు తేలింది. లింగమూర్తికి తండ్రి సుత్తె గుర్తొచ్చింది. తుత్తం నీళ్లలో ముంచితే అది కూడా ఇట్లాగే ఎర్రబడేది.

ఆ సాయంత్రం పెట్టె తెరిచి మూత తీశాడు. ఎర్రటి గీతలు, చేతితో రుద్దిన గీతలు. అంతా అర్థమైంది. కార్ఖానాలో ప్రతి ఏడూ ఆయుధపూజకు ముందు పనివాళ్ల ఇళ్ల ఆడవాళ్లు వచ్చి యంత్రాలు, సుత్తెలు, పట్టకారులు అన్నీ చింతపండు వేసి, లేతు కింద రాలిన సన్నటి ఇనుప చుట్టలతో తోముతారు. తళతళలాడితేనే అమ్మవారు మెచ్చుతుందని దేవదాస్ హుకుం. దగ్గరుండి చేయించేది అతని భార్య బాలవ్వ. వేరే ఏళ్లలో పండుగకు ముందే తయారైన సరుకు బండెక్కి వెళ్లిపోయేది. ఆ ఏడు వెళ్లలేదు, కాపలాకు తనూ లేడు. గుడ్డ తీసి ఆ మూతలను కూడా తోమించారు. తుప్పు పట్టించింది వాళ్లు, దొంగ అయ్యింది తను.

అప్పటి నుంచి పగకు పదును వచ్చింది. పండుగ పూట కూడా పెట్టె తీసి ఆ మూత చూసుకునేవాడు. ఆ గీతలు చూస్తే బాలవ్వ లావుపాటి చెయ్యి రుద్దుతున్నట్టే కనపడేది, పక్కన నిలబడి ఇంకా మెరవాలంటున్న దేవదాస్ గొంతు వినపడేది. ఇదంతా శంకరవ్వకు చెప్పాలని ఒక్కసారి కూడా అనుకోలేదు. చెప్పుకుంటే పగ చల్లారుతుందని అతని నమ్మకం. ఏమిటది, పారెయ్యరాదా అని ఆమె ఒకసారి అడిగితే, దాని పని ఇంకా ఉందన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

ఆ పని తొమ్మిదేళ్లకు పడింది. కాగజ్‌నగర్‌లో తొట్టి చూసేవాడు పని మానేశాడు, కొత్తవాడు దొరకలేదు, సేటుకు పాత మనిషి గుర్తొచ్చాడు. పిలుచుకురమ్మని పంపింది ఎవరిని? దేవదాస్‌నే. బల్లార్షా దాకా వచ్చి, అరుగు మీద కూర్చుని, పాతవి మనసులో పెట్టుకోవద్దన్నాడు దేవదాస్. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. లింగమూర్తి చాయ తెప్పించి ఇచ్చాడు, వస్తానన్నాడు. అంత సులువుగా ఒప్పుకుంటాడని దేవదాస్ అనుకోలేదు. పాపం, అతను ఆ మేనమామ సంగతి వినలేదు.

శంకరవ్వతో కలిసి కాగజ్‌నగర్ తిరిగొచ్చాడు. మళ్లీ దసరా వచ్చింది. ఈసారీ పంపు మూతల పనే, అదే కొలత, అదే చెవి. లింగమూర్తి వాటిని ముంచి, కడిగి, సేటును పిలిచి ఒక మూత మీద నీలం నీళ్లు పూసి చూపించాడు. ఎక్కడా ఎరుపు లేదు. సేటు సంతోషించాడు. లింగమూర్తి అన్నిటి మీదా తెల్లగుడ్డ కప్పి, నవమి ముందునాడు సిర్పూరులో చుట్టాలున్నారని చెప్పి వెళ్లిపోయాడు. ఇనుము సోకనివ్వకండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటే అతను మింగేశాడు. చెడినా మళ్లీ తొట్టిలో వేస్తే బాగవుతాయి, సేటుకు నష్టం ఉండదు, పోయేది ఒక్కడి పరువే అని లెక్క చూసుకున్నాడు. తిరిగొచ్చేసరికి గుడ్డ మడతపెట్టి పక్కన ఉంది. మూతలు అద్దాల్లా మెరుస్తున్నాయి, ఒక్కొక్కదానికి పసుపు రాసి కుంకుమ బొట్టు. చూసి అతనికి కడుపు నిండింది.

దసరా సాయంత్రం జమ్మి ఆకు పట్టుకుని అందరూ కలుసుకునేటప్పుడు దేవదాస్ తనే ఎదురొచ్చాడు. మన దిక్కున ఆ పూట శత్రువైనా జమ్మి చేతిలో పెడితే అలాయ్ బలాయ్ తీసుకోవాలి. లింగమూర్తి జమ్మి తీసుకున్నాడు, దేవదాస్‌ను గట్టిగా కావలించుకున్నాడు. ఆ కౌగిలిలో అతను చూసుకున్నది దేవదాస్ మెడనే, తీగ ఎక్కడ పడుతుందా అని. ఇంటికొచ్చి శంకరవ్వతో, రేపు కార్ఖానాకు రా, చూడాల్సినది ఉన్నదన్నాడు. అవమానం జరిగిన నాటి నుంచి ఆమె ఏ ఆయుధపూజకూ పోయింది లేదు, ఆ గేటు కూడా తొక్కలేదు. మగడు పిలిచాడని వచ్చింది.

మర్నాడు సేటు ఉన్నాడు, పనివాళ్లంతా ఉన్నారు, బాలవ్వతో పాటు ఆడవాళ్లూ ఉన్నారు. లింగమూర్తి బల్ల మీద మూతలు వరుసగా పేర్చి, పసుపు కడిగి, నీలం నీళ్లు పూశాడు. చూస్తుండగానే మెరిసే స్టీలు మీద ఎర్రటి రాగి గీతలు లేచాయి, ఒకదాని మీద కాదు, అన్నిటి మీదా. నాలుగు రోజుల కింద మచ్చ లేదని చూసినవాడు సేటే. ఏమైందని సేటే అడిగాడు. ఇనుప చుట్టలతో తోమారు కాబట్టి అన్నాడు లింగమూర్తి. తోమమన్నది ఎవరన్నాడు సేటు. ఆడవాళ్లంతా దేవదాస్ వైపు చూశారు. దేవదాస్ తల దించుకున్నాడు.

ఇదే, తొమ్మిదేళ్లు నమిలిన ముద్ద ఇదే. లింగమూర్తి సంచిలోంచి పాత మూత తీసి, కొత్తదాని పక్కన, చెవులు రెండూ ఒకే వైపు వచ్చేట్టు పెట్టాడు. చూడండి, అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే, తేజాబు అమ్ముకున్నవాడు లేడు అన్నాడు. జనం వంగి చూశారు. దీని మీదా గీతలే, దాని మీదా గీతలే, నిజమే అన్నారు. సేటు అయ్యో అన్నాడు.

జనంతో పాటు లింగమూర్తి కూడా వంగి చూశాడు. కొత్త మూతల మీద గీతలన్నీ ఒక వైపు వాలి ఉన్నాయి. పాతదాని మీద గీతలు రెండో వైపు వాలి ఉన్నాయి. కొత్తవాటిని తోమినవాళ్లు చెవిని ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో రుద్దారు. పాతదాన్ని రుద్దిన చెయ్యి వేరు. ఎన్నేళ్లు చూసినా కనపడనిది, పక్కన ఇంకొకటి పెట్టేసరికి కనపడింది. బాలవ్వది కుడిచేతి వాటం. అక్కడున్న ఆడవాళ్లందరిదీ కుడిచేతి వాటమే.

తల ఎత్తాడు. శంకరవ్వ అతన్ని చూడడం లేదు, దేవదాస్‌నూ చూడడం లేదు. బల్ల మీది రెండు మూతలనే చూస్తోంది. ఆమె ఎడమచెయ్యి కొంగు కిందికి పోయింది. తొమ్మిదేళ్ల కింద తను ఊళ్లో లేని ఆ నవమి నాడు పసుపు కుంకుమల దగ్గరికి రావద్దని ఆమెను తోమడానికి పంపి ఉంటారు. తన మగడు ముంచిన మూతలు అందరి సామాన్ల కంటే ఎక్కువ మెరవాలని, చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్ది ఉంటుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అతని కాళ్ల మీద పడిందది.

దేవదాస్ ముందుకొచ్చాడు. “నాకు తెల్వదు లింగమూర్తీ. తెల్వకనే తోమిపిచ్చిన. అప్పుడు గూడ తెల్వదు. నువ్వు ఏమన్న చెయ్యి” అన్నాడు.

లింగమూర్తి దగ్గర ఈ పూట కోసం కూడబెట్టుకున్న మాట ఒకటుంది. ఇది నీ ఇంటి చెయ్యి పట్టించిన తుప్పు, నువ్వే మొయ్యి అని. ఇప్పుడు ఆ మాట పనికిరాదు. మూత తీసి సంచిలో పెట్టుకుని వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ తొమ్మిదేళ్లుగా నేర్చుకున్న పని చేతులు మానలేదు. తీగ తీశాడు, పాత మూత చెవిలోంచి దూర్చాడు, దేవదాస్ మెడకు కట్టాడు.

“నన్ను దొంగన్నవు. గందుకు” అన్నాడు.

దేవదాస్ ఎవరూ నడిపించకుండా తనే చౌరస్తా దాకా నడిచాడు. ఒక్కడు నవ్వలేదు, ఒక్కడు వెంట పోలేదు. మూత అక్కడే దించి పెట్టి ఇంటికి పోయాడు. ఆ తర్వాత కార్ఖానాకు రాలేదు. అతని లేతు మీదికి వేరే మనిషి వచ్చాడు. తేజాబు దొంగ అన్న పేరు మాసిపోయింది, సేటు లింగమూర్తిని పెద్ద మేస్త్రిని చేశాడు. మనిషి ఏమేమి కావాలనుకున్నాడో అన్నీ దొరికాయి. ఇంత దొరికాక ఒళ్లంతా చల్లబడాలి. చల్లబడలేదు. దేవదాస్‌ది నోటి తప్పు, ఆ తప్పుకు తగినంత మోశాడు. తుప్పు తప్పు ఎవరిదో తెలిశాక దాన్ని ఎవరి మెడకు కట్టాలి? శంకరవ్వ మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. వచ్చిందల్లా తన మీదే. ఒక్కరోజు ఆ మూత ఆమె ముందు పెట్టి సంగతి చెప్పి ఉంటే, ఇది నేనే తోమిన అని ఆమె ఆనాడే అనేది.

దేవదాస్ మెడకు మూత కట్టిన మర్నాడు పొద్దున లింగమూర్తి పళ్లు తోముకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. వాకిట్లో శంకరవ్వ ఇత్తడి బిందె ముందేసుకుని చింతపండుతో రుద్దుతోంది. కుడిచేత్తో రుద్దుతోంది. అలవాటు లేని చెయ్యి జారిపోతోంది, ఎడమచెయ్యి ఒడిలో ఊరికే పడి ఉంది. ఎడమచేత్తోనే తోము అని ఒక మాట అంటే చాలు. ఆ మాటలో అన్నీ ఉంటాయి, తెలిసిందనీ, పోనీలే అనీ. అనడానికి నోరు తెరిచాడు కూడా. కానీ జీవితంలో ఎవరికీ పోనీలే అని ఎరగనివాడు, ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, నోట్లో నీళ్లు పుక్కిలించి ఉమ్మి లోపలికి పోయాడు.

ఆమె ఆ తర్వాత ఎన్నడూ ఎడమచేత్తో తోమలేదు. లింగమూర్తి రోజూ ఆ బిందెలోని నీళ్లే తాగాడు. దాని మెడ చుట్టూ చిలుము అట్లాగే ఉండిపోయింది.